ఎవరికి శిక్ష? ఎవరికి సంస్కరణ? బొండకొయ్య నుంచి జైలు మాన్యువల్ దాకా

పాతకాలం ఊళ్లలో చావడి ముందర బొండకొయ్య ఉండేది. రెండు బరువైన దుంగలు, ఒకదాని మీద ఒకటి. మధ్యన కాళ్లు పట్టేంత బొక్కలు. కాళ్లు అందులో పెట్టించి పైదుంగ దించి బిగిస్తే మనిషి కూచున్న చోటు నుంచి కదల్లేడు. నెత్తిన ఎండ. దారినపోయేవాళ్లంతా చూస్తుంటారు. ఈగ వాలితే తోలుకోగలడు గాని లేచి పోలేడు. దెబ్బ తగలదు, రక్తం కారదు. కానీ ఊరందరి ముందూ ఆ మనిషి మనిషి కాకుండా పోతాడు. అదీ ఆ శిక్ష.

ఆ బొక్కల్లో ఎవరి కాళ్లు పెట్టారు? ఇది మేము ఊహించి చెప్పాల్సిన సంగతి కాదు. చట్టంలోనే రాసి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ప్రభుత్వం 1816లో తెచ్చిన 11వ రెగ్యులేషన్ గ్రామ పెద్దకు చిన్న నేరాలు విచారించే అధికారం ఇచ్చింది. తిట్టుకున్నా, చిన్నపాటి కొట్లాట అయినా మామూలు మనిషిని 12 గంటలు మించకుండా చావడిలో కూచోబెట్టవచ్చు. అదే తప్పు చేసినవాడు ‘కింది కులాల’ వాడైతే, అంత నీచమైన శిక్ష వేసినా అనుచితం కాని కులం వాడైతే, 6 గంటలు మించకుండా బొండకొయ్యలో వేయవచ్చు. తప్పు ఒకటే. తీర్పు చెప్పే మునసబు ఒకడే. కులాన్ని బట్టి ఒకరికి చావడి నీడ, ఇంకొకరికి కొయ్య.

శిక్షల చరిత్ర గురించి మన యూనివర్సిటీల్లో చెప్పే పాఠం వేరే రకంగా ఉంటుంది. మొదట్లో రాజులు ఒళ్లు కోసి, తల నరికి శిక్షించారనీ, 1764లో ఇటలీలో బెకారియా నేరానికి తగినంతే శిక్ష ఉండాలని పుస్తకం రాశాడనీ, ఇంగ్లండులో బెంథామ్ జైలుకు కొత్త నమూనా గీశాడనీ, అలా శిక్ష ఒంటి మీద నుంచి మనసు మీదికి, ప్రతీకారం నుంచి సంస్కరణకి నడిచిందనీ చెప్తారు. ఫ్రాన్సులో ఫూకో 1975లో ఈ కథను తిరగేసి, సంస్కరణ అన్నది కూడా అధికారం చేసే పనేనని చూపించాడు. ఇవన్నీ చదవాల్సినవే. కాకపోతే ఈ కథలో మాలపల్లె లేదు, మాదిగగూడెం లేదు, ఎరుకల గుడిసె లేదు. అక్కడ ప్రశ్న ‘ఏ నేరానికి ఎంత శిక్ష’ అని. ఇక్కడ దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: ‘నువ్వెవరు?’ ఈ రెండో ప్రశ్న మన శిక్షల చరిత్రలో ఎక్కడ మొదలైంది, ఎక్కడెక్కడ వేషం మార్చింది, ఇవాళ ఎక్కడ దాక్కుంది అన్నదే ఈ వ్యాసంలో మేము చూడదలుచుకున్నది.

దండం ఎవరి చేతిలో, ఎవరి వీపు మీద

మనుస్మృతి ఏడో అధ్యాయం దండాన్ని ఆకాశానికెత్తుతుంది. లోకాన్ని కాపాడేది దండమేనట, అది లేకపోతే బలవంతుడు బలహీనుణ్ణి తినేస్తాడట. చదివినవాడికి ఎంత న్యాయంగా ఉందో అనిపిస్తుంది. ఒక్క అధ్యాయం దాటి ఎనిమిదోదానికి వస్తే ఆ దండం ఎవరి మీద ఎలా పడుతుందో కనబడుతుంది. బ్రాహ్మణుణ్ణి తిట్టిన క్షత్రియుడికి 100 పణాల జరిమానా. వైశ్యుడికి 150 లేదా 200. శూద్రుడికి జరిమానా కాదు, ఒంటి మీద శిక్ష. తిరగేస్తే, బ్రాహ్మణుడు క్షత్రియుణ్ణి తిడితే 50, వైశ్యుణ్ణి తిడితే 25, శూద్రుణ్ణి తిడితే 12. నోరు జారిన శూద్రుడికి నాలుక కోయడం. పేరూ కులమూ ఎత్తి ఎగతాళి చేస్తే ఎర్రగా కాల్చిన ఇనుప చీల నోట్లో. బ్రాహ్మణుడికి ధర్మం చెప్పబోతే మరిగే నూనె నోట్లో, చెవుల్లో. పైవాడి పక్కన సమానంగా కూచుంటే నడుము మీద వాత, దేశ బహిష్కారం. బ్రాహ్మణుడికి మరణశిక్ష ఉండాల్సిన చోట గుండు గీయిస్తే సరిపోతుంది. అతను ఏ పాపం చేసినా చంపకూడదు. ఆస్తితో సహా, గాయం లేకుండా ఊరు దాటించాలి.

ఇక్కడ కొందరు పండితులు లేచి ఒక మాట అంటారు. దొంగతనానికి శూద్రుడికి 8 రెట్లు, వైశ్యుడికి 16, క్షత్రియుడికి 32, బ్రాహ్మణుడికి 64 రెట్లు అని అదే అధ్యాయంలో ఉంది కదా, తెలిసినవాడికే ఎక్కువ శిక్ష వేశారు కదా అని. ఉంది, కాదనం. అయితే ఆ లెక్క డబ్బుది. డబ్బు దగ్గర పైకులానికి బరువు పెంచిన స్మృతి ఒంటి దగ్గరకొచ్చేసరికి దాన్ని ముట్టుకోదు. పైవాడు ఆస్తి నుంచి చెల్లిస్తాడు, కిందివాడు నాలుక నుంచి, చెవి నుంచి, నడుము నుంచి చెల్లిస్తాడు. పైగా ఆ శిక్షలు ఏ నేరాలకో చూడండి. మాట్లాడినందుకు, చదువు చెప్పబోయినందుకు, పక్కన కూచున్నందుకు. వీటిని నేరాలంటామా, సమానత్వం అంటామా?

మన భాషలోనే ఒక విడ్డూరం ఉంది. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే చదువు, అభ్యాసం. తెలుగులోకి వచ్చేసరికి ‘శిక్షణ’ ఒక దారి పట్టింది, ‘శిక్ష’ ఇంకో దారి పట్టింది. శిక్షణ పైవాళ్ల వీధిలో ఆగిపోయింది, శిక్ష మన వీధికి వచ్చింది. ఇండియన్ పీనల్ కోడ్‌ను తెలుగు చేసినవాళ్లు కూడా దానికి ‘శిక్షాస్మృతి’ అనే పేరు పెట్టారు. స్మృతి అనే మాట వదల్లేకపోయారు.

మనువు రాసిందంతా ఊళ్లలో అక్షరాలా అమలయిందా అని అడగవచ్చు. అడగాల్సిందే. స్మృతి అనేది కోర్టు రికార్డు కాదు. ఏ శతాబ్దంలో ఏ ఊళ్లో ఎవరి చెవిలో నూనె పోశారో అందులో ఉండదు. అందులో ఉన్నది ఒక సూత్రం: నేరం తూచే ముందు మనిషిని తూచాలి. ఆ సూత్రానికి పుస్తకం అక్కర్లేదు. అది పెత్తందారుకి, కరణానికి, దొరకి నోటికొచ్చు. తెలంగాణలో దొర గడీయే కోర్టు, గడీయే జైలు అయిన రోజుల్లో ఏ శ్లోకం ఎవరు చదివారు? అందుకే 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టినప్పుడు కాలింది ఒక పాత పుస్తకం మాత్రమే కాదు. ఆ సూత్రానికి నిప్పు పెట్టారు.

కంపెనీ దొరల త్రాసు

‘ఇంగ్లీషువాడు వచ్చాక చట్టం ముందు అందరూ సమానమయ్యారు’ అనే మాట మనలో కూడా చాలామంది అంటారు. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని మేము తక్కువ చెయ్యం. కాశీ ప్రాంతంలో 1795 నాటి కంపెనీ రెగ్యులేషన్ బ్రాహ్మణులకు మరణశిక్ష లేకుండా మినహాయింపు ఇచ్చింది. 1817లో ఆ మినహాయింపు ఎత్తేశారు. 1837లో మెకాలే అధ్యక్షతన ముసాయిదా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలయిన పీనల్ కోడ్‌లో కులాన్ని బట్టి శిక్ష లేదు. హత్య ఎవరు చేసినా హత్యే. ఇది చిన్న సంగతి కాదు.

మిగతా సగం కూడా చూడాలి. 1816లో మద్రాసులో కింది కులాలకు బొండకొయ్యను చట్టం చేశారు. మరుసటి ఏడాదే కాశీలో బ్రాహ్మణుడి మినహాయింపు తీసేశారు. ఒకే కంపెనీ, ఏడాది తేడా. అంటే పైన పెద్ద కోర్టులో సమానత్వం, కింద చావడిలో స్మృతి. ఎందుకని? కంపెనీకి ఊళ్లో శిస్తు వసూలు కావాలి. శిస్తు వసూలు చేసేది మునసబు, కరణం. వాళ్ల పొలంలో పనిచేసే మాల మాదిగలు అదుపులో ఉండాలి. ఊరి పెత్తనాన్ని కదిలిస్తే శిస్తు కదులుతుంది. అందుకని హత్యలు, దోపిడీలు తన దగ్గర పెట్టుకుని, ఎదురు మాట్లాడిన కూలివాణ్ణి లొంగదీసే పని ఊరి పెద్దకే వదిలింది. ‘చట్టం బలవంతుడి చుట్టం’ అని ఊరికే అనలేదు. ఆ చుట్టరికం ఇలాగే కలిసింది.

వంటింట్లో బ్రాహ్మడు, పాయిఖానాలో మనవాడు

మెకాలే సూచన మీద ఏర్పడిన జైళ్ల కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. జైలంటే భయం పుట్టాలి, క్రమశిక్షణ ఉండాలి అన్నది దాని సారం. అప్పటిదాకా చాలా చోట్ల ఖైదీలకు రోజుకింత అని పైసలిచ్చేవాళ్లు, ఎవరి వంట వాళ్లు చేసుకునేవాళ్లు. 1840ల నుంచి ఒకే చోట వండి పెట్టే పద్ధతి తెచ్చారు. బీహారు జైళ్లలో తిరుగుబాట్లు లేచాయి. పరాయి కులంవాడు వండింది తినమన్నారు. 1855లో ఆరా, ముజఫర్‌పూర్ జైళ్లలో ఇత్తడి చెంబులు లాక్కుని మట్టి చెంబులు ఇవ్వబోతే పెద్ద గొడవ. ఊళ్లోని జనం కూడా జైలు మీదికి వచ్చారు. సర్కారు వెనక్కి తగ్గింది.

ఈ గొడవల్ని చరిత్రకారులు వలస పాలనకు ప్రతిఘటన అని రాస్తారు. అది నిజమే. అయితే మేము అడిగేది ఇంకొకటి: ఆ ప్రతిఘటనకు సర్కారు చెల్లించిన ధర ఏమిటి? కులాల్ని బట్టి వంటవాళ్లను పెట్టింది. పైకులం ఖైదీ కులం చెడకుండా చూసుకోవడం జైలు డ్యూటీ అయిపోయింది. మరి పాయిఖానాలు ఎవరు కడగాలి? దానికీ కులమే జవాబు. ఒకవైపు పైకులపు ‘మతం’ గౌరవించారు. రెండోవైపు ఆ గౌరవం బరువంతా కింది కులం నెత్తిన పెట్టారు. 1894 జైళ్ల చట్టం కింద రాష్ట్రాలు రాసుకున్న మాన్యువల్స్‌లో ఇది రూలుగా కూచుంది. జైలు శిక్ష అంటే స్వేచ్ఛ పోవడం అని పుస్తకాలు చెప్తాయి. మనవాడికి జైల్లో స్వేచ్ఛ పోయింది గాని కులవృత్తి పోలేదు.

1919-20లో కార్డ్యూ అధ్యక్షతన జైళ్ల కమిటీ కూర్చుని, శిక్ష ఉద్దేశం భయపెట్టడం మాత్రమే కాదు, ఖైదీని సంస్కరించడం కూడా అని రాసింది. మన దేశంలో సంస్కరణ మాట అధికారికంగా గట్టిగా వినబడింది అప్పుడే. ఆ తర్వాత పదేళ్లకి, 1929లో జతిన్ దాస్ లాహోరు జైల్లో నిరాహారదీక్షలో చనిపోయాక ఎ, బి, సి తరగతులు వచ్చాయి. ఏ తరగతో తేల్చడానికి చూసేది చదువు, హోదా, బతికే తీరు. చదువే దక్కని వాడికి, గుడిసెలో బతికేవాడికి ఏ తరగతి వస్తుంది? జాతీయోద్యమపు జైలు జ్ఞాపకాల్లో పుస్తకాలు, చర్చలు, కవిత్వం చాలా ఉన్నాయి. అదే జైల్లో గంజి తాగి గానుగ తిప్పిన సి క్లాసు వాడు ఆ జ్ఞాపకాల్లో పేరు లేకుండా దాటిపోతాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండి రాసిన ‘మాలపల్లి’లో మాల కుటుంబం జైలుపాలు కావడం మన సాహిత్యంలో అరుదైన చోటు.

పుట్టుకే నేరం

1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. దాన్ని సమర్థించినవాళ్ల వాదన వింటే ఎవరు ఎవరికి గురువో అర్థమవుతుంది: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడు, నేరం వాళ్ల కులధర్మం అన్నారు. మనువుది, విక్టోరియా రాణిదీ అక్కడ ఒకే మాట అయింది. ఉత్తరాదిన మొదలైన ఆ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు, 1924లో మళ్లీ ఒకటిగా కూర్చారు. ఒక జాతిని ‘నేరస్త’ అని ప్రకటిస్తే చాలు. మనిషి మీద కేసు అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే పాసు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా అందులో ఉంది.

మన దగ్గర దీని దెబ్బ తిన్నవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. వాళ్లు పుట్టుదొంగలు కాదు. కోస్తా నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న వర్తకులు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, అడవి చట్టాలు వచ్చి వెదురుకి, మేతకి అడ్డం పడ్డాయి. పైన 1876-78 కరువు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ క్రమాన్ని వివరంగా రాసింది. బతుకుతెరువు తీసేసింది సర్కారు. బతుకుతెరువు లేక తిరుగుతున్నారని నేరస్తుల పట్టీలో రాసిందీ సర్కారే.

అలా గుంటూరు జిల్లాలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పుట్టింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నడపడానికి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. కర్నూలు వైపు సిద్ధాపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం కూడా ఇలాంటి సెటిల్‌మెంట్లే. సాల్వేషన్ ఆర్మీ పెద్ద బూత్ టక్కర్ ఈ పనికి ‘క్రిమినోక్యురాలజీ’ అని పేరు పెట్టాడు. నేరస్తుణ్ణి నయం చేసే శాస్త్రమన్నమాట. మందు ఏమిటి? పని. స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. హాజరు వేసే చెయ్యి, కూలి లెక్క రాసే చెయ్యి ఒకదానికొకటి సాయం పట్టాయి. పారిపోతే నేరం. పనికి రాకపోతే నేరం. దీని పేరు సంస్కరణ.

ఆ సెటిల్‌మెంట్లలో బడి, ఆసుపత్రి, కొంత భూమి కూడా వచ్చాయి. అక్కడ చదువుకుని పైకొచ్చినవాళ్లున్నారు. ఆ మేలును కొట్టిపారేయం. కానీ బడి కోసం, భూమి కోసం ఒక జాతి మొత్తం ముందు ‘దొంగ’ అని వేలిముద్ర వేయాల్సి రావడం మేలు కిందికి రాదు. 1936లో నెల్లూరులో నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా ఖండించాడు. యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివాళ్లు దాని రద్దుకి పాటుపడ్డారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న అది రద్దయింది.

చట్టం పోయింది. పట్టీ పోయిందా? మద్రాసు 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ 1962లో తనది తెచ్చుకుంది. ‘జాతి’ బదులు ‘అలవాటు’ అన్నారు. ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసు జీపు మొదట ఏ వాడకి వెళ్తుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. తెలుగు సినిమా కూడా స్టూవర్టుపురం పేరును దొంగతనానికి మారుపేరుగా అమ్ముకుంది. ఆ ఊరి పేరు చెప్పుకుని ఉద్యోగం అడగబోయిన కుర్రవాడికి అది ఎంత బరువో సినిమా చూసి చప్పట్లు కొట్టినవాడికి తెలీదు.

రిపబ్లిక్ జైళ్లు

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. అంటరానితనం పాటించేవాడు నేరస్తుడయ్యాడు. త్రాసు తలకిందులైన క్షణం అది. జైళ్ల విషయంలోనూ కోర్టులు మంచి మాటలు చెప్పాయి. 1974లో విశాఖపట్నం జైలు ఖైదీల కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీ పనివాడిని 10 వేల రూపాయల జామీను అడిగితే, పేదవాడికి బెయిలు అందకుండా చేసే ఈ పద్ధతిని కోర్టు తప్పుపట్టింది. 1979లో బీహారు విచారణ ఖైదీల దుస్థితి హుస్సేనారా ఖాతూన్ కేసులో బయటపడింది. 1980-83లో ముల్లా కమిటీ కూచుని జైళ్లను సంస్కరించడానికి వందలాది సిఫార్సులు చేసింది.

ఇన్ని జరిగాక 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా. అంటే మన జైళ్లలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్లు కాదు, శిక్ష పడుతుందో లేదో తేలనివాళ్లు. దేశ జనాభాలో 2011 లెక్కల ప్రకారం షెడ్యూల్డ్ కులాలవాళ్లు నూటికి 16.6. జైల్లో సుమారు ఐదుగురిలో ఒకరు. వీళ్లు లోపల ఉన్నది చాలాసార్లు నేరం పెద్దదై కాదు. జామీను ఇవ్వడానికి ఆస్తి లేక, వకీలుకి ఇచ్చే డబ్బు లేక. బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని చిన్న పుస్తకం ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచించండి. చట్టం తెలియనివాడికి అరెస్టే శిక్ష.

ఇక జైలు మాన్యువల్స్ సంగతి. 2020లో సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వాటిని తెరిచి చూపించేదాకా చాలామందికి ఆ రూల్స్ ఇంకా బతికున్నాయని తెలీదు. రాజస్థాన్‌లో వంటకి బ్రాహ్మణులు, తగినంత పైకులం వాళ్లు. పశ్చిమ బెంగాల్‌లో తగిన కులం వంటవాళ్లు, పాకీ పనికి మెహతర్, హరి, చండాల కులాలవాళ్లు. ఉత్తరప్రదేశ్‌లో సాధారణ శిక్ష పడినవాడికి నీచమైన పని చెప్పకూడదు, అలాంటి పనికి అలవాటుపడిన కులంవాడైతే తప్ప. ఆ చివరి ముక్క మళ్లీ చదవండి. 1816 రెగ్యులేషన్‌లో ‘నీచమైన శిక్ష వేసినా అనుచితం కాని’ కులం గుర్తొస్తుంది. 200 ఏళ్లలో వాక్యం కూడా మారలేదు.

ఆమె వేసిన పిటిషన్‌పై 11 రాష్ట్రాలకు నోటీసులు వెళ్లాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. 2024 అక్టోబరు 3న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఉన్న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఇలాంటి రూల్స్ అన్నీ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మూడు నెలల్లో మాన్యువల్స్ మార్చమంది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు చెప్పింది. గొప్ప తీర్పు. ఎంత గొప్పదంటే, రాజ్యాంగం వచ్చిన 74 ఏళ్లకి వచ్చినంత. రూలు కొట్టేశారు, అలవాటు ఎవరు కొట్టేస్తారు? జైల్లో చీపురు ఎవరి చేతికి ఇస్తున్నారో రిజిస్టరు చూసి చెప్పలేం. లోపలికి వెళ్లి చూడాలి.

మన శవాలకు శిక్ష లేదా?

ఇక్కడ మన ఉద్యమంలోనే ఉన్న ఒక చిక్కు గురించి మాట్లాడాలి. జైళ్లు మనవాళ్లతో నిండి ఉన్నాయని ఒకవైపు అంటున్నాం. రెండోవైపు కారంచేడు, చుండూరు హంతకుల్ని శిక్షించమని వీధుల్లోకి వచ్చాం. శిక్షను ద్వేషించేవాళ్లం శిక్ష అడగవచ్చా?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. సెషన్స్ కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు కొట్టేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు వేసింది. ఇరవై మూడేళ్లు పట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక కారంచేడు నెత్తురుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. కోర్టు మా ఊరికే రావాలని దళితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇప్పుడు రెండో పక్క చూడండి. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీ ప్రయత్నంలో పెట్టిన మంటకి 23 మంది చనిపోయారు. ఘోరం. ఆ చనిపోయినవాళ్లు కూడా పేదవాళ్లే. వాళ్ల ఇళ్లలో ఏడుపు మనకు పరాయిది కాదు. నిందితులు ఇద్దరు దళిత యువకులు. వాళ్లకు ఉరిశిక్ష పడింది. 1996లోనే సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మూడేళ్లలో అన్ని మెట్లూ దాటేసిన కేసు అది. ఉరి దాకా వెళ్లి, పౌరహక్కులవాళ్లు, దళిత సంఘాలు చేసిన పోరాటం వల్ల ఆగి, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు. దళితులు చచ్చిపోయిన కేసు 23 ఏళ్లు నడుస్తుంది. దళితులు నిందితులైన కేసు మూడేళ్లలో ఉరితాడు దాకా వెళ్తుంది. ఇది కాకతాళీయం అనేవాళ్లు అనవచ్చు. మేము అనలేం.

కాబట్టి చిక్కు మనది కాదు, త్రాసుది. చుండూరు వాళ్లు అడిగింది పగ కాదు. పగ కావాలంటే కోర్టును ఊరికి పిలిపించుకోనక్కర్లేదు. మా మనిషి మనిషేనని, అతన్ని చంపడం నేరమేనని అదే ఊళ్లో, అదే జనం ముందు, ప్రభుత్వం నోటితో చెప్పించమన్నారు. బొండకొయ్య ఊరందరి ముందు మనిషిని మనిషి కాకుండా చేసింది. చుండూరు దళితులు అడిగిన తీర్పు ఊరందరి ముందు మనిషిని తిరిగి మనిషిని చేయాలి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అత్యాచారాల చట్టాన్ని నీరుగార్చినప్పుడు ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్లు రోడ్డు మీదికి ఎందుకు వచ్చారో, ప్రాణాలు ఎందుకు పోగొట్టుకున్నారో ఇందులోనే ఉంది. ఆ ఒత్తిడికే ఆ ఏడాది చట్టాన్ని సవరించారు.

మరి శిక్ష దేనికి?

మేము తేల్చుకున్నది మూడు మాటల్లో చెప్తాం.

ఒకటి. శిక్ష ఉద్దేశం భయమా, ప్రతీకారమా, సంస్కరణా అని చర్చించే ముందు శిక్ష అందరికీ ఒకటేనా అని అడగాలి. కొలత ఒకటి కానప్పుడు ఏ ఉద్దేశమైనా కులానికే పనిచేస్తుంది. స్మృతి భయం అంది, కొయ్య అవమానం అంది, సెటిల్‌మెంటు సంస్కరణ అంది. మూడింటిలోనూ అవే కాళ్లు.

రెండు. కుల పెత్తనం చేసే నేరానికి శిక్ష అడగడమూ, పేదరికాన్ని జైల్లో పెట్టడాన్ని ఎదిరించడమూ ఒకే పోరాటం. విచారణ ఖైదీకి బెయిలు అడిగే వకీలూ, అత్యాచారం కేసులో బాధితుల పక్కన నిలబడే వకీలూ ఒకరే అయినప్పుడు మన ఉద్యమం ఆరోగ్యంగా ఉన్నట్టు. మరణశిక్షను మాత్రం మనం ఎవరికీ అడగకూడదని మా అభిప్రాయం. ఉరితాడు ఎవరి మెడ దాకా త్వరగా వస్తుందో చూశాం గనక.

మూడు. కొత్త పేర్లతో వచ్చే సంస్కరణను కళ్లు తెరుచుకుని చూడాలి. 2024 జూలై 1 నుంచి అమలయిన భారతీయ న్యాయ సంహిత చిన్న నేరాలకు ‘సమాజ సేవ’ను ఒక శిక్షగా పెట్టింది. కూలి లేకుండా జనానికి పనికొచ్చే పని చెయ్యాలి. జైలు కంటే ఇది మంచిదే, మేము ఆహ్వానిస్తాం. అయితే ఆ పని ఏమిటన్నది చెప్పేది కోర్టు. వీధి ఊడవడం, ఆసుపత్రి మరుగుదొడ్లు కడగడం అని చెప్పారనుకుందాం. అది ఒకరికి నాలుగు రోజుల శిక్ష. ఏ నేరమూ చెయ్యకుండా తరతరాలుగా అదే పని చేస్తున్న పారిశుధ్య కార్మికుడు ఆ పక్కనే చీపురు పట్టుకుని నిలబడి ఉంటాడు. తను రోజూ చేసే పని కోర్టు దృష్టిలో శిక్ష అని అతనికి తెలిసినప్పుడు ఆ న్యాయమూర్తి అతనికేం జవాబు చెప్తారు?

విద్యార్థులకు, టీచర్లకు, కార్యకర్తలకు మా మనవి ఒకటే. మీ ఊళ్లో చావడి ఎక్కడుండేదో, కొయ్య ఎక్కడుండేదో పెద్దవాళ్లను అడగండి, రాసిపెట్టండి. మీ జిల్లా జైల్లో ఎవరున్నారో, ఎన్నాళ్లుగా ఉన్నారో, ఎంత జామీను కట్టలేక ఉన్నారో సమాచార హక్కు కింద అడగండి. లోపల వంట ఎవరు చేస్తున్నారో, దొడ్డి ఎవరు కడుగుతున్నారో కూడా అడగండి. నేరస్తుణ్ణి దిద్దుతామనే ఈ వ్యవస్థను ముందు దిద్దాల్సినవాళ్లం మనం.